స్టీరింగ్ ఎడమకు తిప్పితే వెలిగిన ఎయిర్‌బ్యాగ్ లైటు

అన్నవరంలో వ్రతం చేయించుకుని కాకినాడ తిరిగి వస్తున్నాం. ముందు సీట్లో అమ్మ, ఒళ్లో ప్రసాదం పొట్లాలు. వెనక మా ఆవిడ, అమ్మాయి. కత్తిపూడి దగ్గర హైవే వదిలి పిఠాపురం రోడ్డుకి ఎడమకు తిప్పేసరికి మీటర్‌లో ఎర్ర లైటు వెలిగింది. సీట్లో కూర్చున్న మనిషి, అతని ముందు గుండ్రటి బంతి ఉన్న బొమ్మ. రోజూ తాళం తిప్పగానే అది వెలిగి ఆరు సెకన్లలో ఆరిపోతుంది. ఆ రోజు ఇంటికొచ్చి ఇంజన్ ఆపేదాకా వెలుగుతూనే ఉంది.

మాది 2018 మోడల్ బండి. డ్రైవర్ వైపు ఎయిర్‌బ్యాగ్ కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయింది 2019 జూలై 1 నుంచి. మేం కొన్నప్పుడు కింది రకాల్లో అది లేదు. రెండు బ్యాగులు ఉన్న రకం కావాలని మా ఆవిడే పట్టుబట్టింది. దాని కోసం పీఎఫ్‌లో లోన్ కూడా పెట్టాం. అందుకే ఆ లైటు చూస్తే నాకు మిగతా లైట్ల కంటే ఎక్కువ గుబులు పుట్టింది. ఇంజన్ లైటు వెలిగితే బండి ఇబ్బంది పెడుతుంది, ఆ సంగతి మనకు తెలుస్తూ ఉంటుంది. ఇది వెలిగితే బండి ఎప్పటిలాగే పరుగెత్తుతుంది. గుద్దుకున్న క్షణం వచ్చేదాకా తేడా ఏమీ కనిపించదు. లోపం ఉన్న ఒక్క బ్యాగే ఆగిపోతుందా, మొత్తం సిస్టమ్ ఆగిపోతుందా అన్నది బండిని బట్టి మారుతుంది. కాబట్టి లైటు ఆరేదాకా ఒక్క బ్యాగు కూడా లేదనుకోవడమే మంచిది.

"ఏవండీ, అది ఆరేదాకా అమ్మాయికి స్టీరింగ్ ఇవ్వకండి" అంది మా ఆవిడ. అమ్మాయి అప్పటికి రెండు నెలలుగా డ్రైవింగ్ నేర్చుకుంటోంది. సరేనన్నాను.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూస్తాను. వైర్లు, మీటర్లు నాకు కొత్త కాదు. ఇంట్లోనే చూసుకోగలను అనుకున్నాను. ఆ నమ్మకం ఒకచోట పనికొచ్చింది, ఒకచోట కొంచెంలో ప్రమాదం తెచ్చేది. ఆ రెండూ చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మొదట నా దగ్గరున్న చిన్న బ్లూటూత్ అడాప్టర్ స్టీరింగ్ కింద ఉండే, బండి లోపాలు చదవడానికి పెట్టిన పదహారు పిన్నుల ఓబీడీ సాకెట్‌లో పెట్టి ఫోన్‌లో చూశాను. "లోపాలు లేవు" అని వచ్చింది. లైటేమో ఎదురుగా వెలుగుతోంది. తర్వాత అర్థమైంది, ఈ చవక అడాప్టర్లు మామూలుగా ఇంజన్ కంప్యూటర్‌తోనే మాట్లాడతాయి. వాటికి కనిపించేవి 'పి' అక్షరంతో మొదలయ్యే లోపాల కోడ్‌లు. ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు 'బి'తో మొదలవుతాయి, అవి వేరే మాడ్యూల్‌లో, అంటే ఎయిర్‌బ్యాగులను నడిపే చిన్న కంప్యూటర్‌లో ఉంటాయి. దానిదాకా వెళ్లగలిగే స్కానర్ ఉంటేనే అవి కనిపిస్తాయి. ఫోన్‌లో "లోపాలు లేవు" అని చూసి నిశ్చింతగా ఉండిపోయేవాళ్లు ఉంటారేమోనని ఇక్కడే చెప్తున్నాను.

మా వీధి చివర ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. మంచి పనివాడు, నన్ను మాస్టారూ అంటాడు. చూపిస్తే ఒకటే మాట: "ఆయ్, దీనికంత టెన్షన్ ఎందుకండి మాస్టారూ. మీటర్ విప్పి ఆ బల్బు తీసేత్తే సరిపోద్దండి. కాదంటే ఓ రెసిస్టెన్స్ కట్టేద్దాం, లైటు దానంతటదే ఆరిపోద్ది." చాలామంది అలా చేయించుకుంటున్నారని కూడా చెప్పాడు. అతని మీద నాకు కోపం రాలేదు, అడిగినవాళ్లకు అతను చేసిపెట్టేది అదే. కానీ రెసిస్టెన్స్ కట్టడమంటే ఏమిటో నాకు తెలుసు. బ్యాగును పేల్చే చిన్న నిప్పురవ్వ లాంటి భాగం నిరోధం రెండు ఓమ్‌ల దరిదాపుల్లో ఉంటుంది. అక్కడ అదే విలువ గల రెసిస్టెన్స్ పెడితే మాడ్యూల్ "బ్యాగు ఉంది" అనుకుంటుంది. ప్రమాదం జరిగినప్పుడు బ్యాగుకి వెళ్లాల్సిన కరెంటు ఆ రెసిస్టెన్స్‌లోకి పోతుంది. మా అమ్మ ముందు సీట్లో కూర్చుని ఉంటుంది. నేను వద్దన్నాను. (సెకండ్ హ్యాండ్ బండి చూడ్డానికి వెళ్తే తాళం తిప్పగానే ఈ లైటు వెలుగుతుందో లేదో ముందు చూడండి. అసలు వెలగని బండిని, వెలిగి ఆరని బండి కంటే ఎక్కువ అనుమానించాలి.)

తర్వాత నా అనుమానం అమ్మ కూర్చునే ముందు సీటు కిందికి పోయింది. ఆ వారమంతా వానలు. తడి చెప్పులు, గొడుగులు అన్నీ అక్కడే. పైగా అన్నవరం వెళ్లేటప్పుడు కొబ్బరికాయల సంచి ఆ సీటు కిందే తోశాం. సీటు కింద వైర్లు ఉంటాయి. మా బండిలో అక్కడినుంచి సీటు బెల్టు బకుల్‌కీ, సీట్లో మనిషి ఉన్నాడో లేదో చెప్పే సెన్సర్‌కీ వెళ్తాయి. పక్క ఎయిర్‌బ్యాగులున్న బండ్లలో వాటి వైర్లు కూడా అక్కడే పోతాయి. సీటు ముందుకీ వెనక్కీ జరిపినప్పుడు లాగుకుపోయి వదులయ్యేది ఈ వైర్లను కలిపే కప్లర్లే, అంటే ప్లగ్గులే. కాకినాడ సముద్రపు గాలికి పిన్నుల మీద పొర పట్టడం కూడా మాకు మామూలే.

సీటు వెనక్కి జరిపి టార్చి వేసి చూశాను. పసుపు రంగు కప్లర్ కనిపించింది. ఎయిర్‌బ్యాగ్‌కి సంబంధించిన వైర్లు, కప్లర్లు చాలా బండ్లలో పసుపు రంగులో ఉంటాయి, తెలియక ఎవరూ ముట్టుకోకుండా. అప్పుడు నా చేయి అలవాటు కొద్దీ ఏం చేసిందంటే, పక్కనున్న మల్టీమీటర్ తీసి ఓమ్‌లకు తిప్పింది. ఇరవై ఏళ్లుగా రోజూ చేసే పని. వైరు తెగిందా లేదా చూడాలంటే రెండు కొసలకూ ప్రోబ్‌లు పెట్టడమే కదా.

ప్రోబ్ చేతిలో ఉండగా ఆగాను. ఓమ్‌లు కొలిచేటప్పుడు మీటర్ తనే ఆ సర్క్యూట్‌లోకి కరెంటు పంపుతుంది. ప్రతి ఏడాదీ మొదటి క్లాసులో పిల్లలకు నేను చెప్పే మాటే ఇది. డిజిటల్ మీటర్ పంపేది చాలా తక్కువ. మా ల్యాబ్‌లో ఉన్న ముల్లు మీటర్లు కింది రేంజ్‌లో వంద మిల్లీ ఆంపియర్లు, అంతకంటే ఎక్కువ కూడా పంపగలవు. ఎయిర్‌బ్యాగులో, బెల్టును బిగించే ప్రీటెన్షనర్‌లో ఉండే ఆ చిన్న భాగం ఉన్నదే కరెంటు వస్తే పేలడానికి. ఒక్క మీటర్‌తో పేలకపోవచ్చు. కానీ అది పేలదని నా మీటర్ మీద పందెం కట్టి, మొహం దగ్గర పెట్టుకుని కొలవడానికి నాకేం అధికారం ఉంది? మీటర్ ఇంట్లో పెట్టేసి, మా బండి సర్వీస్ మాన్యువల్ సంపాదించి రెండు రాత్రులు చదివాను. మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో ఉంది: ఎయిర్‌బ్యాగ్ మీద గానీ ప్రీటెన్షనర్ మీద గానీ ఓమ్ మీటర్ పెట్టకూడదు. చదివాక చేతులు చల్లబడ్డాయి. ఆ రోజు నేను చూస్తున్న కప్లర్ బకుల్‌దే, దాన్ని కొలిచినా ఏమీ కాదు. కానీ అప్పుడు నాకు ఆ సంగతి తెలియదు.

ఆదివారం బ్యాటరీ మైనస్ తీసి, పావుగంట ఆగి, ఆ కప్లర్ విప్పాను. మా మాన్యువల్ మూడు నిమిషాలు ఆగమంది. బండిని బట్టి అది మారుతుంది. ఎందుకు ఆగాలంటే, గుద్దుకున్నప్పుడు బ్యాటరీ వైరు తెగినా బ్యాగు పేలేలా మాడ్యూల్ లోపల కెపాసిటర్‌లో కరెంటు దాచి ఉంచుతారు. బ్యాటరీ తీసిన వెంటనే అది ఖాళీ అవదు. నేను ప్రతిసారీ పావుగంట ఆగాను, తొందరేముంది.

పిన్నులు కొంచెం మసకబారి ఉన్నాయి. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరబెట్టాను. ఇక్కడో తప్పు చేశాను. లైటులో ఏమైనా తేడా వస్తుందేమోనని కప్లర్ పెట్టకుండానే బ్యాటరీ కలిపి తాళం తిప్పాను. తేడా ఏమీ రాలేదు. మళ్లీ పద్ధతిగా అన్నీ తీసి కప్లర్ బిగించాను. లైటు మామూలుగా ఆరు సెకన్లలో ఆరింది! ఇంట్లో అందరికీ చెప్పేశాను. మర్నాడు పొద్దున్న కాలేజీకి వెళ్తూ గేటు దగ్గర ఎడమకు తిప్పగానే మళ్లీ వెలిగింది. ఆ తర్వాత ఇక ఆరనే లేదు.

అప్పటికి ఊహలతో పని కాదని తెలిసింది. మా బావమరిది స్నేహితుడికి రాజమండ్రిలో వర్క్‌షాప్ ఉంది. అతని దగ్గర అన్ని మాడ్యూళ్లనీ చదివే స్కానర్ ఉంటే రెండు రోజులకు అడిగి తెచ్చాను. పెట్టగానే రెండు కోడ్‌లు వచ్చాయి. ఒకటి ముందు సీటు బకుల్ సర్క్యూట్ తెగిందని, పాత లోపంగా. అది నేను రాయించిందే, కప్లర్ లేకుండా తాళం తిప్పినప్పుడు. స్కానర్ ముందే తెచ్చి ఉంటే అది ఉండేది కాదు. తెలియనివాడు దాన్ని చూసి సీటు బెల్టు మార్చమంటాడు కూడా. రెండోది డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్ నిరోధం ఎక్కువగా ఉందని, ఇప్పుడున్న లోపంగా. అంటే వారం రోజులు నేను చూసింది తప్పు సీటు.

ఆ స్కానర్‌లో లైవ్ డేటా అని ఉంది. తెరిస్తే ఒక్కో బ్యాగు సర్క్యూట్ నిరోధం ఓమ్‌లలో కనిపిస్తోంది. నేను మీటర్‌తో కొలవబోయిన దాన్ని మాడ్యూల్ తనే, ప్రమాదం లేనంత చిన్న కరెంటుతో, ఎప్పుడూ కొలుచుకుంటూ ఉంటుంది. లైటు వెలిగించేది ఆ కొలత చూసుకునే. అది తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. మనం కొలవక్కర్లేదు, అది కొలిచింది అడిగి తెలుసుకుంటే చాలు.

ఇంజన్ స్టార్ట్ చేసి స్టీరింగ్ మధ్యలో పెట్టాను. డ్రైవర్ బ్యాగు 2.2 ఓమ్‌లు. నెమ్మదిగా కుడికి తిప్పాను, అంతే ఉంది. ఎడమకు తిప్పాను. ఒక చుట్టు దాటగానే అంకె ఎగిరింది, తర్వాత అంకె పోయి పరిధి దాటిందని చూపించింది. మధ్యకు తెస్తే మళ్లీ 2.2. మూడుసార్లు తిప్పాను, మూడుసార్లూ అదే చోట.

అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి చూస్తోంది. "నాన్నా, నేను చెప్పానుగా, యూ టర్న్ తిప్పేటప్పుడు హారన్ మోగట్లేదని" అంది.

చెప్పింది. నెల కిందట భానుగుడి జంక్షన్‌లో చెప్పింది. కంగారులో సరిగ్గా నొక్కి ఉండవులే అన్నాను. హారన్ వైరూ, ఎయిర్‌బ్యాగ్ వైరూ స్టీరింగ్‌లోకి వెళ్లేది ఒకే దారిలో. దానికి క్లాక్ స్ప్రింగ్ అని పేరు. ఆ రోజు ఆ మాట పట్టించుకుని ఉంటే లైటు వెలగక ముందే దొరికేది. అప్పుడే హారన్ నొక్కి చూశాను. ఎడమకు పూర్తిగా తిప్పి ఉంచితే మోగలేదు.

స్టీరింగ్ తిరుగుతుంది, దాని కింద కదలకుండా ఉండే గొట్టంలోని (కాలమ్) వైర్లు తిరగవు. ఈ రెంటినీ కలపాలంటే మామూలు వైరు పెడితే నాలుగు రోజుల్లో మెలిపడి తెగుతుంది. అందుకని గుండ్రటి ప్లాస్టిక్ డబ్బాలో రిబ్బన్ లాంటి చదును కేబుల్‌ను గడియారం స్ప్రింగులా చుట్టి పెడతారు. స్టీరింగ్ ఒకవైపు తిప్పితే బిగుస్తుంది, ఇంకోవైపు తిప్పితే వదులవుతుంది. ఎటు తిప్పినా సరిపోవాలంటే చక్రాలు నేరుగా ఉన్నప్పుడు అది సరిగ్గా మధ్యలో ఉండాలి. మధ్య తప్పించి బిగిస్తే ఒకవైపు పూర్తిగా తిప్పిన ప్రతిసారీ కేబుల్ లాగుకుంటుంది. ఎడమకు తిప్పితేనే పోవడానికి కారణం ఇదేనేమో అనిపించింది. ఏడు నెలల కిందట పవర్ స్టీరింగ్ పని కోసం ఒక వర్క్‌షాప్‌లో స్టీరింగ్ ఊడదీశారు.

పార్ట్ నంబర్ చూసి అసలైన కంపెనీ పార్టే తెప్పించాను. నాలుగు వేల పైచిలుకు అయింది. సగం ధరకు దొరికేవీ ఉన్నాయి. దీనికి మాత్రం అది వద్దనుకున్నాను.

పని చేసిన రోజు మా ఆవిడ పిల్లనీ అమ్మనీ పక్కింటికి పంపేసింది. చక్రాలు నేరుగా పెట్టి, తాళం తీసి, పది నంబర్ స్పానర్‌తో బ్యాటరీ మైనస్ విప్పి, గుడ్డ చుట్టి పక్కకు కట్టాను. పావుగంట. ఆ పావుగంటలో మాన్యువల్ మళ్లీ చదివాను. ఒంట్లో స్టాటిక్ కరెంటు పోవడానికి బండి ఇనుము మీద చేయి పెట్టాను. మా బండిలో స్టీరింగ్ వెనక రెండు రంధ్రాలు ఉంటాయి. వాటిలో స్క్రూడ్రైవర్ పెట్టి లోపలి స్ప్రింగు నొక్కితే ఎయిర్‌బ్యాగ్ ముందుకు ఊడి వస్తుంది. కొన్ని బండ్లలో బోల్టులు ఉంటాయి. వెనకాల పసుపు కప్లర్, దానికి రెండు తాళాలు. మొదటిది చిన్న స్క్రూడ్రైవర్‌తో లేపితే గానీ రెండోది వదలదు. బలం ఉపయోగించకూడదు. విప్పగానే కప్లర్ లోపలి చిన్న రేకు రెండు పిన్నులనూ కలిపేస్తుంది, ఎక్కడినుంచి పొరపాటున కరెంటు వచ్చినా బ్యాగు పేలకుండా. ఎంత ఆలోచించి పెట్టారో అనిపించింది.

బ్యాగును చేతిలోకి తీసుకున్నప్పుడు గుండె గట్టిగా కొట్టుకుంది. పైమూత నాకు ఎదురుగా కాకుండా అవతలి వైపు ఉండేలా పట్టుకుని, ఖాళీ గదిలో నేల మీద మూత పైకి ఉండేలా పెట్టి తలుపు తాళం వేశాను. బోర్లా పెట్టకూడదు. పొరపాటున పేలితే మూత పైకి ఉంటే గాలి పైకి పోతుంది. బోర్లా ఉంటే ఆ బరువైన ముక్కే ఎగిరి వచ్చి తగులుతుంది.

స్టీరింగ్ నట్టు వదులు చేసి పూర్తిగా తీయలేదు, నాలుగు చుట్లు ఉంచాను. లాగినప్పుడు స్టీరింగ్ ఒక్కసారిగా ఊడి మూతికి తగలకుండా అది ఆపుతుంది. షాఫ్ట్ మీద, స్టీరింగ్ మీద మార్కర్‌తో గీత గీసి, ఫోటో తీసి, అప్పుడు ఊడదీశాను. పాతది తీసి కొత్తది పెట్టడం ఇరవై నిమిషాల పని. కొత్తది కదలకుండా మధ్యలోనే ఉండేలా ఒక పిన్ను పెట్టి వస్తుంది. బిగించేదాకా ఆ పిన్ను తీయకూడదు. ఎవరైనా కుతూహలంగా తిప్పి చూస్తే మధ్య పోతుంది. నట్టు కొత్తది వేసి, టార్క్ రెంచ్‌తో మాన్యువల్ చెప్పినంతే బిగించాను. బ్యాగు కప్లర్ క్లిక్‌మని పడింది, రెండో తాళం కూడా నొక్కాను.

బ్యాటరీ కలిపేటప్పుడు బండిలో ఎవరూ లేరు. మొదటిసారి తాళం తిప్పేటప్పుడు కూడా సీట్లో కూర్చోలేదు. బయట నిలబడి, స్టీరింగ్‌కి దూరంగా ఒళ్లు ఉంచి, చేయి మాత్రం లోపలికి చాపి తిప్పాను. లైటు వెలిగింది. ఆరలేదు. ఒక్క క్షణం నీరసం వచ్చింది. తర్వాత గుర్తొచ్చింది, పాత కోడ్‌లు తుడవాలి కదా. స్కానర్ పెట్టి చూస్తే ఇప్పుడున్న లోపాలు సున్నా, రెండూ పాతవే. తుడిచాను. తాళం ఆపి, మళ్లీ తిప్పాను. ఆరు సెకన్లు. ఆరిపోయింది. ఎడమకు చివరిదాకా, కుడికి చివరిదాకా తిప్పాను. 2.2 ఓమ్‌లు కదల్లేదు.

ఆ రాత్రి పాతది విప్పి చూశాను. కేబుల్ లోపలి కొస దగ్గర తెల్లగా మడత పడి ఉంది. దీపం ముందు పెడితే రాగి గీతల్లో రెండు వెంట్రుకవాసి తెగి కనిపించాయి. వదులుగా ఉన్నప్పుడు కొసలు ఒకదానికొకటి ఆనుకుంటాయి, బిగిస్తే విడిపోతాయి. బండి నుంచి తీసేసిన ముక్క కాబట్టి దీన్ని మీటర్‌తో కొలిచాను. మర్నాడు ల్యాబ్‌కి తీసుకెళ్లి పిల్లలతో కూడా కొలిపించాను.

నేను చేశానని ప్రతి లోపాన్నీ ఇంట్లోనే చేయమని చెప్పను. బండి గుద్దుకుని బ్యాగులు పేలి ఉంటే, ఎలుకలు పసుపు వైరు కొరికి ఉంటే, నేను ముట్టుకోను. ఆ వైర్లకు అతుకులు వేసి టేపు చుట్టడం చాలా కంపెనీలు కూడదంటాయి. తుపాను నీళ్లు బండిలోకి వచ్చినా అంతే. మాడ్యూల్ ఉండేది చాలా బండ్లలో రెండు ముందు సీట్ల మధ్య, నేలకు దగ్గరగా. కాకినాడలో ఏటా ఎన్ని బండ్లు తడుస్తాయో చూస్తూనే ఉన్నాం. నీళ్లు తోడేసి, సీట్లు ఎండబెట్టి నడిపేస్తారు, ఆ మాడ్యూల్ మాట ఎవరికీ గుర్తుండదు. స్కానర్ పెట్టి చదవడం వరకు మాత్రం ఎవరైనా చేయవచ్చు, చేయాలి. దానికి ఏదీ విప్పక్కర్లేదు.

ఈ పదకొండు రోజుల్లో అమ్మకు కూడా ఒక సంగతి చెప్పాల్సి వచ్చింది. ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకోదు, "బ్యాగులున్నాయిగా" అంటుంది. బ్యాగు బెల్టుకు తోడు మాత్రమేనని, బెల్టు లేకుండా ముందుకు తూలినవాళ్లను అదే గట్టిగా కొడుతుందని చెప్తే నమ్మలేదు. ఊడదీసిన రోజు ఆ గది కిటికీలోంచి బ్యాగు చూపించాను. ఇంత చిన్నదా అంది. అది రెప్ప కొట్టే లోపు ఉబ్బి బయటికొస్తుందని చెప్పాను. అప్పటినుంచి పెట్టుకుంటోంది, చీర నలుగుతుందని అంటూనే.

వచ్చిన ఆదివారం అమ్మాయికి తాళం ఇచ్చాను. తిప్పి, మీటర్ వైపు చూస్తూ లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. ఆరు అనేసరికి లైటు ఆరింది. భానుగుడి జంక్షన్‌లో యూ టర్న్ తిప్పుతూ, ఎదురుగా ఎవరూ లేకపోయినా, హారన్ కొట్టింది.